పాత సినిమా స్కోరు మళ్లీ వేస్తే: సినిమా వరుసా, ఎల్పీ వరుసా?

పాతరీలు:
సేకరించేవాళ్ల కోసం వేసే రెండు సీడీల సెట్లలో ఇప్పుడు ఒక పద్ధతి స్థిరపడింది. మొదటి సీడీలో సినిమాలో వచ్చిన వరుసలో మొత్తం బ్యాక్‌గ్రౌండ్ స్కోరు, రెండో దాంట్లో అప్పట్లో రికార్డుగా అమ్మిన ఎల్పీ ఆల్బమ్, దాని సొంత వరుసలో. ఒక్క సీడీకే చోటుంటే ఏది ఉంచాలి? నా ఓటు సినిమా వరుసకే. అమెరికాలో సినిమా కోసం వాయించినదాన్ని రికార్డుగా అమ్మాలంటే వాద్యకారులకు మళ్లీ పారితోషికం కట్టాలి. ఎన్నో ఆల్బమ్‌లు 30 నిమిషాల దగ్గర ఆగిపోయింది అందుకే. లెక్కల పుస్తకం చేసిన కత్తిరింపును స్వరకర్త అభిమతం అని ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి?

తంత్రీనాదం:
ఎన్ని నిమిషాలన్నది డబ్బు తేల్చి ఉండొచ్చు. ఆ నిమిషాల్లో ఏం ఉండాలి, ఏ బిట్ పక్కన ఏ బిట్ అతకాలి అన్నది చాలాసార్లు స్వరకర్తే తేల్చాడు. ‘స్టార్ వార్స్’ 1977 డబుల్ ఎల్పీ తీసుకోండి. నాలుగు సైడ్లు, సుమారు 74 నిమిషాలు. అక్కడ పొదుపు మాటే లేదు, అయినా అది సినిమా వరుస కాదు. 1997లో వచ్చిన రెండు సీడీలు దాన్ని సినిమా వరుసకు తెచ్చాయి. పరిశీలనకు అవి కావాలి, సరే. కానీ తలుపు తెరుచుకునేదాకా తీగల మీద ఒకే స్వరం పట్టుకుని సాగే 25 సెకన్ల క్యూ (ఒక సీన్ కోసం రాసిన సంగీతపు ముక్క) తెర లేకుండా వింటే ఏముంటుంది?

ఇంకోటి. అన్ని ఎల్పీలూ సినిమా టేపుల నుంచి కోసినవి కావు. ‘జాస్’ 1975 ఎల్పీ ఆల్బమ్ కోసమే మళ్లీ వాయించి రికార్డు చేసింది (మనవాళ్లు ఆర్‌ఆర్ అని పిలిచే రీరికార్డింగు కాదు, నిజంగానే రెండోసారి). 2015లో ఇంట్రాడా అనే రికార్డు కంపెనీ వేసిన సెట్లో రెండూ ఉన్నాయి. అలాంటిచోట ఎల్పీని తీసేస్తే ఒక ప్రదర్శనే పోతుంది.

క్లిక్‌ట్రాక్:
ఇద్దరూ ‘సినిమా వరుస’ అంటే ఒక్కటే ఉన్నట్టు మాట్లాడుతున్నారు. క్యూ నంబరు 4ఎం2 అంటే నాలుగో రీల్లో రెండో సంగీతం. 35 ఎంఎం వెయ్యి అడుగుల రీలు సెకనుకు 24 ఫ్రేముల చొప్పున 11 నిమిషాలకు కాస్త పైన నడుస్తుంది. ఆ నంబర్లు ఇచ్చాక కూడా ఎడిటింగ్ సాగుతూనే ఉంటుంది. రీళ్లు మారతాయి, సీన్లు ఎగిరిపోతాయి, ఒక క్యూ కోసం రాసింది ఇంకో సీన్ కింద పడుతుంది. అప్పుడు వరుస రాసినట్టా, తెర మీద వినబడినట్టా?

టేపు మీద రెండూ ఉండవు. పెద్ద ఆర్కెస్ట్రా కావలసినవి ముందు రికార్డు చేసి, మనుషుల్ని పంపేశాక చిన్నవి తీస్తారు. ఒక క్యూకు ఆరేడు టేకులుంటాయి. టేకుల షీటు మీద ‘1 నుంచి 28 బార్లు ఆరో టేకు, ఆ తర్వాత నాలుగో టేకు’ అని రాసి ఉంటుంది (బారు అంటే స్కోరులో ఒక తాళావర్తం లాంటి విభాగం). షీటు పోతే సినిమా సౌండ్‌ట్రాక్ పక్కన పెట్టుకుని చెవితో పోల్చాలి. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. యూరప్‌లో వాడిన పాల్ (PAL) అనే టీవీ పద్ధతి వీడియోలో సినిమా సెకనుకు 25 ఫ్రేముల చొప్పున, అంటే సుమారు 4 శాతం వేగంగా పరుగెడుతుంది. శ్రుతి ముప్పావు సెమీటోనుకు (సెమీటోను అంటే పక్కపక్క స్వరస్థానాల మధ్య దూరం) కొంచెం తక్కువగా పైకి పోతుంది. దాన్ని నమ్మి టేపు వేగం ‘సరిచేస్తే’ ఉన్నది పాడవుతుంది. స్కోరు కాగితం మీద క్లిక్ (వాద్యకారుల చెవిలో లయకు కొట్టే టిక్కు) 12-0 అని ఉంటే 12 ఫ్రేములకు ఒక క్లిక్, నిమిషానికి సరిగ్గా 120. మీ కొలతలో 125 వచ్చిందంటే మీరు పాల్ వేగంలో ఉన్నట్టే.

వెనిగర్‌వాసన:
వరుస సంగతి తర్వాత. ఏ టేపు బతికుందో ముందు చూడాలి.

రీలును వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. చుట్టలోంచి వెలుగు కనిపిస్తే టేపు ప్లాస్టిక్ ఆధారం అసిటేట్, కనిపించకపోతే పాలియెస్టర్. 1970ల మధ్య నుంచి వచ్చిన కొన్ని పాలియెస్టర్ టేపుల్లో (ఆంపెక్స్ 406, 456 పేరుమోసినవి) పూతను పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమ పీల్చి జిడ్డుగా మారుతుంది. అలాగే ఆడిస్తే ఆక్సైడు ఊడి హెడ్డుకు అంటుకుంటుంది. సుమారు 54 డిగ్రీల సెల్సియస్‌లో ఎనిమిది గంటలో, ఇంకా ఎక్కువో వేడి చేసి, చల్లారాక కాపీ తీస్తారు. కొద్ది వారాల్లో మళ్లీ జిడ్డెక్కుతుంది కాబట్టి ఆ లోపే పని ముగించాలి. అసిటేట్‌ను మాత్రం పొరపాటున కూడా ఇలా వేడి చేయకూడదు.

సినిమా ఫిల్ములాగే అంచు రంధ్రాలుండి, ధ్వనిని మాత్రమే పట్టుకునే మూడు ట్రాకుల 35 ఎంఎం మాగ్నెటిక్ ఫిల్ము బాధ వేరు. ఆధారం అసిటేట్ అయితే వెనిగర్ వాసన మొదలవుతుంది. పుట్టిన ఆమ్లమే కుళ్లును ఇంకా తొందర చేస్తుంది. ఫిల్ము కుంచించుకుపోతే అంచు రంధ్రాలు పళ్లచక్రానికి సరిపడవు, బలవంతం చేస్తే చిరుగుతుంది. పళ్లు లేని యంత్రం మీద ఆడించి, శ్రుతి ఊగిసలాటను తర్వాత దిద్దుకోవాలి. రికార్డింగప్పుడు ధ్వనితో కలిసిన బయాస్ సిగ్నల్ (చెవికి అందని స్థిరమైన పై పౌనఃపున్యం) జాడ దొరికితే దాన్ని కొలబద్దగా వాడతారు. కానీ మామూలు హెడ్డు, మామూలు కన్వర్టరు అంత పై పౌనఃపున్యాన్ని పట్టుకోలేవు.

డాల్బీ ఏ (టేపు హిస్, అంటే బుస శబ్దం తగ్గించే పద్ధతి) తో రికార్డయిన టేపుకు మొదట్లో ఉండే, లెవెల్ చూపే టోన్ కత్తిరించేసి ఉంటే లెవెల్ ఊహించాల్సిందే. తప్పితే తీగల వెనక గాలి ఊపిరి పీల్చినట్టు వినిపిస్తుంది. దానికి ‘రీమాస్టరింగ్’ అని పేరు పెట్టి హిస్ తీసేస్తే గది ప్రతిధ్వని తోక కూడా తెగిపోతుంది.

‘వెర్టిగో’ (1958) స్కోరును వాద్యకారుల సమ్మె వల్ల లండన్‌లో కొంత, వియన్నాలో కొంత రికార్డు చేశారు. లండన్ భాగం స్టీరియో, వియన్నా భాగం మోనో. సినిమా వరుసలో పెడితే మధ్యమధ్య గోడలు దగ్గరకు జరిగినట్టుంటుంది. పాతరీలు గారూ, దీనికి మీ ఓటేమిటి?

పాతరీలు:
అయినా సినిమా వరుసే. మోనో వచ్చినచోట మోనో అని బుక్‌లెట్‌లో రాయండి, చాలు. అయితే ఒక హద్దు ఒప్పుకుంటాను. వాద్యాల గుంపులు విడివిడిగా ఉన్న 24 ట్రాకుల టేపు దొరికింది కదా అని కొత్తగా మిక్స్ చేసి ‘అసలు రికార్డింగు’ అనకూడదు. అందులో ప్రతిధ్వని ఉండదు, బ్రాస్ (ఇత్తడి బాకాలు) ఎంత వెనక కూర్చోవాలన్న అప్పటి ఇంజనీరు నిర్ణయమూ ఉండదు. సెషన్లోనే మిక్స్ చేసిన మూడు ట్రాకులుంటే వాటికే పెద్దపీట.

తంత్రీనాదం:
అదే మాట ఎల్పీ మాస్టరుకూ వర్తిస్తుంది కదండీ. పావు అంగుళం టేపు మీద ఆ ప్రతిధ్వని, ఆ అతుకులు, ఆ నిశ్శబ్దాలు స్వరకర్త విని సరేనన్నవి. మూడు వేల కాపీలే వేసే సెట్టు తెరిచేవాళ్లకు ఆ తేడా తెలియదనుకోవద్దు. సినిమా వరుసే పెట్టదలిస్తే వాడని ప్రత్యామ్నాయ టేకుల్ని కథ మధ్యలో ఇరికించకండి. చివర వేరుగా, క్యూ నంబరుతో పెట్టండి.

క్లిక్‌ట్రాక్:
అతుకుల దగ్గర ఒక్క మాట. రీలు మారేచోట ఒకే సంగీతాన్ని 3ఎం3, 4ఎం1 అని రెండుగా రాస్తారు. రెండోదాని మొదటి స్వరం మొదటిదాని తోక మీద పడాలి. చాలా ‘సంపూర్ణ’ సీడీల్లో ఆ రెండింటి మధ్య రెండు సెకన్ల ఖాళీ వదిలేస్తున్నారు. అది సినిమా వరుసా కాదు, ఎల్పీ వరుసా కాదు.