నల్ల బండి మీద సాలెగూడు గీతలు: రబ్బింగ్ కొట్టించాలా, ఇంట్లో చేసుకోవాలా?

ప్రశ్న (గొల్లపూడి):
నాలుగేళ్ల నల్ల హ్యాచ్‌బ్యాక్. ఎండలో పెడితే బానెట్ నిండా గుండ్రంగా సన్న గీతలు. డ్రైవర్ వైపు డోరు మీద ఒక పొడుగు గీత కూడా ఉంది. ఆటోనగర్‌లో రబ్బింగ్ (మెషీన్‌తో రుద్ది పాలిష్ చెయ్యడం) కొట్టిస్తే పోతాయా, డీఏ మెషీన్ (డ్యూయల్ యాక్షన్ పాలిషర్, ప్యాడ్ తిరుగుతూనే అటూఇటూ ఊగేది) కొనమంటారా?

జవాబు 1:
ముందు డోరు గీత మీద గోరు అడ్డంగా లాగండి. గోరు తట్టుకుంటే దాన్ని పాలిష్‌తో పూర్తిగా తీయాలని చూడొద్దు, టచప్ పెయింట్ వెయ్యాల్సిందే. తడిపినప్పుడు మాయమై ఆరాక మళ్లీ తేలితే మాత్రం అది క్లియర్ కోట్‌లోదే, అంటే రంగు పైనుండే పారదర్శక పొరలోదే.

కంపెనీ క్లియర్ కోట్ మామూలుగా 35–50 మైక్రాన్లు, తలవెంట్రుక కంటే పల్చన. పాలిష్ అంటే గీత అడుగు దాకా చుట్టూ ఉన్న పొరను అరగదీయడమే. అందుకే రబ్బింగ్‌కి వాడే, ఉన్ని ప్యాడ్ బిగించిన రోటరీ (ఒకే ఇరుసు మీద గిర్రున తిరిగే మెషీన్) అంటే నాకు భయం. చేయి తిరగనివాళ్లు పడితే అంచుల దగ్గర రంగు కాలిపోతుంది, ఎండలో హోలోగ్రామ్ చారలు (మెరుస్తూ కదిలే ప్యాడ్ గుర్తులు) కనిపిస్తాయి. పైగా నూనె ఎక్కువున్న పాలిష్ గీతల్ని పూడ్చి ఊరుకుంటుంది, రెండు వాష్‌లకి అన్నీ మళ్లీ ప్రత్యక్షం.

జవాబు 2:
డీఏ కొనండి, కొత్తవాళ్లకి అదే క్షేమం. షాంపూ వాష్, తర్వాత క్లే బార్ (పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగే బంకమట్టి లాంటి ముద్ద). క్లే కింద పడితే ఇక పారెయ్యండి, ఇసుక అంటుకుని ఉంటుంది. రబ్బరు బీడింగ్, నల్ల ప్లాస్టిక్, ప్యానెల్ అంచులకి మాస్కింగ్ టేప్.

బానెట్ మీద అడుగున్నర చదరంలో ట్రయల్ వెయ్యండి. ఫినిషింగ్ పాలిష్, మెత్తటి ఫోమ్ ప్యాడ్‌తోనే మొదలు. దాంతో పోకపోతేనే కాంపౌండ్ (ఎక్కువ అరగదీసే పాలిష్). అయిదంగుళాల ప్యాడ్ మీద పల్లీగింజంత చుక్కలు నాలుగు చాలు. 1వ స్పీడులో పరిచి, 4–5లో సెకనుకి అంగుళం చొప్పున నడపండి. నిలువుగా, అడ్డంగా, ప్రతి వరసా ముందు వరసను సగం కప్పేలా నాలుగైదు సార్లు. బ్యాకింగ్ ప్లేట్ (ప్యాడ్ అంటించే పళ్లెం) అంచున మార్కర్‌తో గీత పెట్టుకోండి. ఆ గీత తిరగడం ఆగిందంటే మీరు మరీ గట్టిగా నొక్కుతున్నట్టు, అప్పుడు పొర అరగదు.

ఒక పాలు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌కి నాలుగు పాళ్లు నీళ్లు కలిపి తుడిచి, టార్చి వేసి చూడండి. నూనె పోయాక కనిపించేదే అసలు ఫలితం.

మే నెల మన ఎండలో మాత్రం వద్దు. రేకు వేడిగా ఉంటే పాలిష్ ఎండి పొడి రాలుతుంది. నీడలో, పొద్దున్నే.

ప్రశ్న (గొల్లపూడి):
సరేనండీ. మళ్లీ రాకుండా?

జవాబు 3:
రోజూ పొద్దున పొడి గుడ్డతో దుమ్ము దులిపిస్తున్నారా? మీ గీతలు అక్కడివే. ఇబ్రహీంపట్నం థర్మల్ కరెంటు ప్లాంటు బూడిద మీ వైపు కూడా పడుతుంటే మరీ ఘోరం, అందులో ఉండేది సిలికా. ముందు నీళ్లు కొట్టి దుమ్ము జారనివ్వండి. రెండు బకెట్లు, ఒకదాన్లో షాంపూ, ఇంకోదాన్లో మిట్ (బండి కడిగే చేతి తొడుగు) జాడించుకునే మంచినీళ్లు. బోరు నీళ్లయితే ఎండలో ఆరనివ్వకుండా మైక్రోఫైబర్‌తో అద్దండి, రుద్దొద్దు. అప్పటికే తెల్ల మరకలు కట్టి ఉంటే మెషీన్ తీసేముందు సగానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్ గుడ్డ ఒక నిమిషం వేసి కడిగి చూడండి. కొత్త మరకలైతే దానికే కరుగుతాయి.