అప్‌డేట్: .308 రైఫిల్‌కి మొదటి సప్రెసర్

టెక్సాస్‌లో .308 (తూటా సైజు) బోల్ట్ రైఫిల్‌కి సప్రెసర్ (మూతికి బిగించి చప్పుడు తగ్గించే గొట్టం) కొంటే కాగితాలేంటి, గురి మారుతుందా అని అడిగాను కదా, తేలిన సంగతులివి.

2026 జనవరి 1 నుంచి సప్రెసర్ మీద 200 డాలర్ల ఫెడరల్ పన్ను సున్నా అయింది. ఫారం 4 (సప్రెసర్‌ని మన పేరుకి మార్చమని ఫెడరల్ ప్రభుత్వానికి పెట్టే దరఖాస్తు), వేలిముద్రలు, ఫొటో మాత్రం మామూలే. ఆమోదం వచ్చేదాకా సరుకు డీలర్ దగ్గరే ఉంటుంది. ఇంట్లో ఇంకొకరూ సొంతంగా వాడుకోవాలంటే ట్రస్ట్ పేరు మీద కొనడం మేలు. హెచ్-1బీ వాళ్లకి హంటింగ్ లైసెన్స్ లాంటి మినహాయింపు లేకపోతే తుపాకీయే కుదరదు, సప్రెసర్ తర్వాతి మాట.

బ్యారెల్ మూతి మర 5/8-24 (5/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 24 మరలు). ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) ఖాళీ అని చూసుకుని, సప్రెసర్ బిగించి, అలైన్‌మెంట్ రాడ్ (సప్రెసర్ బ్యారెల్‌కి సూటిగా ఉందో లేదో చూసే కడ్డీ) దూర్చాలి. సప్రెసర్ చివరి రంధ్రంలో రాడ్ చుట్టూ సందు సమానంగా కనబడాలి. ఒక పక్కకి ఆనుకుంటే కాల్చొద్దు, బుల్లెట్ సప్రెసర్ లోపలి బాఫిల్‌కి (అడ్డు పలకకి) తగులుతుంది. క్రష్ వాషర్ (బిగిస్తే నలిగే వాషర్) అసలు పెట్టొద్దు. అది ఒకవైపు ఎక్కువ నలిగి, సప్రెసర్‌ని వంకరగా కూర్చోబెడుతుంది.

గురి మారింది: 100 గజాల దగ్గర సుమారు రెండంగుళాలు కిందికి. తీసి మళ్లీ బిగించినా అక్కడే పడుతోంది కాబట్టి సప్రెసర్‌తోనే జీరో చేసేశాను (స్కోప్ గురిని తూటా పడే చోటికి సరిచేశాను). పది రౌండ్లకోసారి వదులైందేమో చూడాలి, గ్లవ్ లేకుండా ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. వేడికి స్కోప్‌లో బొమ్మ అలల్లా ఊగుతుంది, దానికి సప్రెసర్‌కి తొడిగే, వేడి తట్టుకునే గుడ్డ కవర్ చాలు.

చెవి ప్లగ్గులు మానేయొచ్చా అన్న ప్రశ్నకి జవాబు: వద్దు. ధ్వనివేగం దాటిన బుల్లెట్ చప్పుడు అలాగే ఉంటుంది.