ఎస్టోనియా కుదురుకుంది, మోల్డోవా ఎందుకు వెనకబడింది?

ప్రశ్న: మారతహళ్లి పీజీలో ఉండి సివిల్స్‌కి చదువుతున్నాను. రెండూ 1991లోనే సోవియట్ నుంచి బయటపడ్డాయి. ఎస్టోనియా 2004లో ఈయూ (యూరోపియన్ యూనియన్), నాటో సైనిక కూటమి రెండింట్లో చేరింది. మోల్డోవా ఇంకా ఈయూ గుమ్మం దగ్గరే ఉంది. తేడా అంతా విదేశీ సాయంలోనేనా?

జవాబు: సాయం ఒక్కటే కాదండీ. ఎస్టోనియా 1992 జూన్‌లోనే రూబుల్ వదిలేసి సొంత కరెన్సీ క్రూన్ తెచ్చుకుంది. దాని విలువ నిలకడగా ఉండేలా, ఒక మార్కుకు (అప్పటి జర్మనీ కరెన్సీ) ఎనిమిది క్రూన్లని ఖాయం చేసింది. 1994 ఆగస్టు 31కి రష్యా సైన్యం వెళ్లిపోయింది. మోల్డోవా నుంచి విడిపోయామని చెప్పుకునే ట్రాన్స్‌నిస్ట్రియా ప్రాంతంలో మాత్రం ఆ సైన్యం ఇప్పటికీ ఉంది. ఇంట్లో ఒక గది తాళం పక్కింటాయన దగ్గరుంటే కాపురం ఎలా సాగుతుంది!

ఇంకొకరు: ఎస్టోనియాని మరీ నెత్తిన పెట్టుకోకండి బ్రో. సోవియట్ కాలంలో వచ్చి స్థిరపడిన రష్యన్లలో చాలామందికి పౌరసత్వం నేరుగా రాలేదు, భాషా పరీక్ష పాసవ్వమన్నారు. అప్పటిదాకా పార్లమెంటు ఓటు లేదు. మనం కన్నడ ముక్క రాకుండానే బెంగళూరులో ఓటేస్తున్నాం!

ప్రశ్న అడిగినవారు: ఇది మెయిన్స్‌లో రాయొచ్చా?

మొదటి జవాబు ఇచ్చినవారు: నిక్షేపంగా రాయండి. 2014లో మోల్డోవాలో మూడు బ్యాంకుల నుంచి సుమారు వంద కోట్ల డాలర్లు మాయమైన సంగతి కూడా వదలొద్దు. అన్నీ మాస్కో మీదికి తోసేస్తే మార్కులు రావు.