సిన్స్, ఫర్, ఎ, యాన్: ఏది ఎక్కడ?

కేయూ_క్రాస్‌రోడ్:
హన్మకొండల ఒక ఉద్యోగానికి మెయిల్ రాస్తున్న. "ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్" అని పెడితే దోస్తు తప్పన్నడు, ఎందుకో చెప్పలే. ఎ, యాన్‌లతోని కూడా పరేషానే. "ఎ ఎన్‌ఐటీ స్టూడెంట్" అనాల్నా, "యాన్" అనాల్నా? జర చెప్పుండ్రి.

పోచమ్మమైదాన్:
తమ్మీ, ఆ వాక్యంల తప్పులు రెండున్నయి. మనకు "నుంచి" ఒక్కటే, ఇంగ్లీషుకు రెండు. ఎప్పుడు మొదలైందో చెబితే సిన్స్: సిన్స్ 2023, సిన్స్ మండే. ఎంతకాలమో లెక్క చెబితే ఫర్: ఫర్ టూ ఇయర్స్. ఇగ రెండోది. "రెండేండ్ల నుంచి చేస్తున్న" అంటే మనకు సరిపోతది. అప్పుడు మొదలై ఇంకా నడుస్తున్న పనిని ఇంగ్లీషుల "యామ్"తోని చెప్పరు. "ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్" అని రాయి. చానామంది సిన్స్ తీసి ఫర్ పెట్టి, "యామ్"ను అట్లనే ఉంచుతరు. సగమే దిద్దినట్టు.

ఓరుగల్లు_పంతులు:
ఎ, యాన్‌లకు స్పెల్లింగ్ చూడకండి. ఆ మాటను తెలుగులో రాసుకోండి. మొదట అచ్చు వస్తే యాన్, హల్లు వస్తే ఎ. ఎన్‌ఐటీకి యాన్. అవర్‌లో హెచ్ పలకదు, కాబట్టి యాన్. యూనివర్సిటీ "య"తో మొదలవుతుంది, దానికి ఎ.

ఒక్కచోట మాత్రం ఈ చిట్కా దెబ్బతింటుంది. మనవాళ్లు కొందరు ఎస్సైని "యస్సై" అని, ఎమ్మెల్యేను "యమ్మెల్యే" అని రాస్తారు. ఆ "య" మనం తగిలించిందే. అక్షరాల పేర్లు ఎస్, ఎమ్. యాన్ ఎస్సై, యాన్ ఎమ్మెల్యే. "వన్"ను "ఒన్" అనే అలవాటూ ఇలాంటిదే: ఎ వన్ వే రోడ్.

చౌరస్తా_చాయ్:
పంపేముందు "ఇట్స్" కూడా చూసుకో. "ఇట్ ఈజ్" లేదా "ఇట్ హ్యాజ్" అని విడదీసి చదివితే అర్థం కుదిరితేనే అపాస్ట్రఫీ (టి, ఎస్‌ల నడుమ పైన పెట్టే కామా లాంటి గుర్తు). "ది కంపెనీ అండ్ ఇట్స్ బ్రాంచెస్"ల ఉండదు, అక్కడ "దాని" అని అర్థం. కామా, ఫుల్‌స్టాప్‌ల ముంగట స్పేస్ వద్దు, తర్వాత ఒకటి చాలు.

కేయూ_క్రాస్‌రోడ్:
సమజైంది. మరి "ఐ హ్యావ్ అటెండెడ్ ది ఇంటర్వ్యూ యెస్టర్డే" రైటేనా?

పోచమ్మమైదాన్:
కాదు. నిన్న, పోయిన నెల, 2019ల అని గడిచిపోయిన టైమ్ పేరు చెప్పినవంటే "హ్యావ్" తీసెయ్యి: "ఐ అటెండెడ్ ది ఇంటర్వ్యూ యెస్టర్డే." టైమ్ చెప్పకుంటే "ఐ హ్యావ్ అటెండెడ్" నడుస్తది.