కోట శ్రీనివాసరావు తెలంగాణ యాస: ఆ భాషకు మేలు జరిగిందా, అవమానమా?

ఓరుగల్లు బిడ్డ:
2025 జూలై 13న కోట గారు పోయినప్పటి నుంచి ఎక్కడ చూసినా ఆయన నటన గురించే. నాకూ ఇష్టమే. కానీ ఒక మాట అడగాలి. ‘ప్రతిఘటన’ (1985)లో కాశయ్య, ‘గాయం’ (1993)లో గురునారాయణ, ‘గణేష్’ (1998)లో సాంబశివుడు. ముగ్గురూ దుర్మార్గపు రాజకీయ నాయకులే, ముగ్గురి నోటా తెలంగాణ యాసే. అవే సినిమాల్లో హీరో హీరోయిన్లు మాట్లాడే తెలుగు వేరు. మేం కాలేజీలో నోరు విప్పితే “కోటలా మాట్లాడుతున్నావే” అని నవ్వేవాళ్లు. దీన్ని గొప్ప అని ఎట్లా మెచ్చుకోవాలి?

కృష్ణాతీరం:
బాధ అర్థమైంది అన్నా, కానీ నటుడి మీద పెట్టకండి. కంకిపాడులో పుట్టిన మనిషి ‘అహ నా పెళ్లంట’ (1987)లో పిసినారి లక్ష్మీపతిగా కోస్తా మాటే మాట్లాడాడు. ‘ఆ నలుగురు’ (2004)లో కోటయ్య కూడా అంతే. పాత్ర ఎక్కడిదైతే యాస అక్కడిది. ఇంకోటి, ‘ముత్యాల ముగ్గు’ (1975)లో రావు గోపాలరావు గారి కాంట్రాక్టరుది గోదావరి మాట. విలనే కదా! గోదావరి వాళ్లు అవమానం అనుకోలేదే?

ఓరుగల్లు బిడ్డ:
ఎందుకనుకుంటారు? గోదావరి మాట మాట్లాడే మంచివాళ్లు, అమాయకులు, తాతలు, అమ్మలు తెర నిండా ఉన్నారు. ఒక్క కాంట్రాక్టరు చెడ్డవాడైతే ఆ మాటకు మచ్చ రాదు. మా మాటకు అప్పట్లో విలన్, కమెడియన్, ఇంటి పనివాడు. అంతకు మించి దొరికింది చాలా తక్కువ.

రంగస్థలం:
నేను నాటకాల్లో వేషాలు వేసినదాన్ని, మాది నల్లగొండ. గోదావరి పోలిక విషయంలో ఓరుగల్లు తమ్ముడు చెప్పిందే నిజం. అయినా కోట గారి పనిని విడిగా చూడాలి.

ఆయన స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ నాటకాలు వేశారు. 1978లో ‘ప్రాణం ఖరీదు’తో సినిమాల్లోకి వచ్చినా, అందరి నోటా పేరు పడింది ‘ప్రతిఘటన’తోనే. అప్పటికి ఆయనకు 43 ఏళ్లు. ఆ వయసులో అలాంటి వేషం చేతికొచ్చిన క్యారెక్టర్ ఆర్టిస్టు, “ఈ యాస విలన్‌కి ఎందుకు” అని దర్శకుడిని నిలదీస్తాడా? నిలదీస్తే ఆ వేషం ఇంకొకరికి పోతుంది.

ఇక ఆయన ఆ యాసను ఎలా పలికారో వినండి. అప్పటి కామెడీ ట్రాకుల్లో యాస అంటే గొంతు సాగదీసి అరవడం. కాశయ్య అరవడు. నవ్వుతూ, నెమ్మదిగా, ఎదుటివాడి లెక్క తన దగ్గరుందన్నట్టు మాట్లాడతాడు. వాడికి తెలివి ఉంది, అధికారం ఉంది. మా ఊళ్లో పంచాయితీలు నడిపిన పెద్దమనుషుల్లో ఆ తీరును నేను చూశాను. వాక్యం ఎక్కడ ఆపాలో, ఎక్కడ ఒత్తాలో పట్టుకున్నారాయన. యాసను వెక్కిరించేవాడికి అది చేతకాదు.

తప్పు పట్టాల్సింది పాత్రలు రాసినవాళ్లనీ, డబ్బు పెట్టినవాళ్లనీ. “అప్పట్లో ఆ యాసలో హీరో మాట్లాడితే జనం చూడరు” అని ఇప్పటికీ కొందరంటారు. నేను ఒప్పుకోను. తెలంగాణ సాయుధ పోరాటం మీద వచ్చిన ‘మాభూమి’ని 1980లోనే జనం ఆదరించారు. అది చూసి కూడా ఆ దారిలో పోకూడదనుకున్నారంతే. చివరికి ‘ఫిదా’ (2017)లో భానుమతి, ‘బలగం’ (2023)లో ఇంటిల్లిపాదీ, అదే ఏడు ‘దసరా’లో నాని మాట్లాడితే జనం థియేటర్లకు రాలేదా?

కృష్ణాతీరం:
అక్కా, ఒకటి కలుపుతాను. వేషం వల్ల వచ్చే కోపం కోట గారికి కొత్త కాదు. ‘మండలాధీశుడు’ (1987)లో ఎన్టీఆర్‌ను పోలిన పాత్ర వేసినందుకు అభిమానుల ఆగ్రహానికి గురయ్యారు. అక్కడా పాత్ర రాసింది ఆయన కాదు, తిట్లు తిన్నది ఆయన.

ఓరుగల్లు బిడ్డ:
అక్కా, 1985 సంగతి మీరు చెప్పినట్టే ఒప్పుకుంటాను. కాశయ్యను ఈసారి మీరు చెప్పిన చెవితో వింటాను. కానీ 1998 నాటి కోట గారు కొత్త నటుడు కాదు. మరుసటి ఏడాదే విజయవాడ తూర్పు నుంచి ఎమ్మెల్యే అయ్యారు. 2015లో పద్మశ్రీ వచ్చింది. తెలుగు వేషాలు తెలుగువాళ్లకే ఇవ్వాలని, పరభాషా నటులను తెచ్చుకోవడం తప్పని నిర్మొహమాటంగా మాట్లాడిన మనిషి. “ఈ యాసలో ఒక మంచి తండ్రి వేషం రాయండి” అని ఆయన గట్టిగా పట్టుబట్టి ఉంటే కాదనే ధైర్యం ఎంతమందికి ఉండేది? ఆయన నటనకు దండం పెడతాను. ఈ ప్రశ్న మాత్రం వదలను.