0.75 అంగుళాల మస్కెట్‌కి ఏ సైజు గుండు?

ప్రశ్న: బ్రౌన్ బెస్ (పాతకాలం బ్రిటిష్ సైన్యపు తుపాకీ) నమూనా మస్కెట్, మూతి నుంచే మందు, గుండు నింపేది, లోపల గాళ్లు లేని నున్న గొట్టం. 0.735 గుండు మొదట రెండుసార్లు దిగింది, మూడోసారి మధ్యలోనే బిగుసుకుంది. 0.690కి మారితే గురి పోతుందా?

జవాబు 1: బిగుసుకోవడానికి కారణం మసి అండి. నల్ల తుపాకిమందు కాలాక గొట్టం గోడలకు గట్టి పొర కడుతుంది. పాతకాలం సైన్యం 0.75 గొట్టంలో 0.69 గుండు వాడింది అందుకే: కాగితంలో మందు, గుండు చుట్టిన తూటాతో చకచకా దిగాలి, గురి తర్వాత మాట. మీరు ముందు కాలిపర్‌తో మూతి కొలవండి, పేరుకి 0.75 అన్నా తేడాలుంటాయి. సరిగ్గా 0.750 ఉంటే 0.715 గుండుని 0.015 మందం నూలుగుడ్డలో చుట్టి దించండి. ఒక్కో పక్క ఖాళీ 0.0175 కనుక గుడ్డ సులువుగా దిగుతుంది. గుడ్డకి కొవ్వు పట్టించండి, మసి మెత్తబడుతుంది.

జవాబు 2: శుద్ధ సీసమే వాడండి. 0.715 గుండు సుమారు 35.5 గ్రాములు తూగాలి. బాగా తక్కువ తూగితే లోపల గాలి బుడగ ఉన్నట్టే, మళ్లీ కరిగించండి. పోత ముక్కు (అచ్చులో సీసం పోసిన చోట మిగిలే తోక) తెగిన మచ్చ మూతి వైపు, సరిగ్గా మధ్యలో ఉండాలి.

జవాబు 1: ఒక్కటి మాత్రం మరవకండి. గుండు మందుకి ఆనుకునే ఉండాలి; మధ్యలో ఖాళీ మిగిలితే గొట్టం ఉబ్బవచ్చు, పగలనూవచ్చు. గుండు మందుకి సరిగ్గా ఆనినప్పుడు దట్టించే కడ్డీ మీద మూతి దగ్గర గీత పెట్టుకుని ప్రతిసారీ చూడండి. గీత మూతికి పైనే ఆగితే పేల్చొద్దు.