అప్‌డేట్: తంగేడు పూసింది!

నిరుడు వానాకాలంలో అడిగాను కదా, తంగేడు గింజలు 20 వేస్తే ఒక్కటే మొలిచిందని, అదీ ఆకులు పసుపెక్కి రాలుస్తోందని. గింజ పైపొర గట్టిది, గరుకు కాగితం మీద రుద్ది రాత్రంతా నానబెట్టమన్నారు. అలాగే చేసి, ఉబ్బిన గింజలే మట్టిలో పెట్టాను. 10కి 7 మొలిచాయి!

పాత మొక్కను పీకి చూస్తే వేరు నల్లగా కుళ్లిపోయి ఉంది. రోజూ నీళ్లు పోయడమే తప్పు. కొత్తవాటిని చిన్నప్పుడే ప్రహరీ పక్కన ఎర్రమట్టిలో నాటాను, వేరు లోతుకు దిగుతుంది కాబట్టి. ఎండల్లో వారానికి రెండు చెంబులు, అంతే. ఆకుల మీద పచ్చటి గొంగళిపురుగులు కనిపించాయి. సీతాకోకచిలుకలవేనని మందు కొట్టలేదు.

మొన్న బతుకమ్మకి అమ్మ మన పెరటి పువ్వులే పేర్చింది. చాలా థాంక్స్ అండీ!